నిచ్చెన అని పేరు పెట్టింది నేనే

ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా నేను ముందు పైకి చూస్తాను. మిగతావాళ్ళు మిషన్లు చూస్తారు, బాయిలరు చూస్తారు, ఆఫీసు గదిలో ఏసీ ఉందో లేదో చూస్తారు. నెత్తిమీద వరసగా పోయే ఇనుప ట్రేలని మాత్రం ఒక్కడూ చూడడు. ఒకాయన, బాగా చదువుకున్నవాడే, "ఇవి గాలి గొట్టాలాండీ?" అని అడిగాడు నన్ను. ఒళ్ళు మండిపోయింది. కరెంటు దానంతటదే గోడలోంచి పుట్టుకొస్తుందని వీళ్ళ ఉద్దేశం కాబోలు. కేబులు ఎంత బరువుంటుందో, అది మోటారు దాకా పోవాలంటే దేని మీద పడుకుని పోవాలో ఎవరికీ పట్టదు. ఇక ఆ ట్రేని పైకెత్తి గోడకి బిగించిన మనుషుల సంగతి అడగనే అక్కర్లేదు.

నాది రామచంద్రపురం దగ్గర పల్లె. ఐటీఐ చదివి, నాలుగైదు ఊళ్ళలో చచ్చీచెడీ పని నేర్చుకుని, తొంభైల చివర్లో ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరునయ్యాను. అప్పుడే మాకు జంగారెడ్డిగూడెం వైపు ఒక పామాయిలు ఫ్యాక్టరీ పని వచ్చింది. కట్టడం అయిపోయింది, మిషన్లు దిగాయి, మేము కేబుళ్ళు వెయ్యాలి. కాలవ నీళ్ళు తాగి పెరిగిన మా వాళ్ళకి ఆ మెట్ట ఎండ, ఆ ఎర్రదుమ్ము సయించవు. మొదటి వారం అందరం దగ్గుతూనే ఉన్నాం.

పనివాళ్ళు దొరకలేదు. ఉన్నవాళ్ళని మెకానికల్ కాంట్రాక్టరు ముందే ఎగరేసుకుపోయాడు. నాకు మా ఊరు గుర్తొచ్చింది. రెండో పంట దాళవా కోతలైపోయి, కాలవలు కట్టేసి, రైతులు ఖాళీగా ఉండే రోజులవి. మళ్ళీ నీళ్ళు వదిలి నారుమళ్ళు పోసేదాకా రెండు నెలల వ్యవధి ఉంటుంది. వెళ్ళి పదకొండు మందిని వెంటేసుకొచ్చాను. అందులో మా మావయ్య ఒకడు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. నాకన్నా పద్నాలుగేళ్ళు పెద్ద. చిన్నప్పుడు వానాకాలంలో నన్ను భుజాన వేసుకుని బురద దాటించి బళ్ళో దింపింది ఆయనే. రెండున్నర ఎకరాలు కౌలుకి చేసేవాడు. ఆయన జాగ్రత్త మా బంధువులందరికీ వేళాకోళం. కొత్తగా వేసిన గట్టు మీద ఒక కాలేసి, అది ఆగుతుందో లేదో చూసి, అప్పుడు గానీ రెండో కాలు వేసేవాడు కాదు. పాక మీద గడ్డి కప్పాలంటే ముందు గుంజలన్నీ ఊపి చూసేవాడు. "ఈయనగారు ముహూర్తం చూసుకుని గానీ గడప దాటడర్రా," అని మా అమ్మ ఏడిపించేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నలభై రెండేళ్ళలో ఒంటి మీద ఒక్క దెబ్బ లేని రైతుని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

మొదటి రోజు లారీలోంచి దింపిన సరుకు చూసి మా వాళ్ళు బిత్తరపోయారు. ఇంజినీరుగారు నగరం నుంచి వచ్చినాయన. తిట్టడానికి కూడా ఇంగ్లీషే వాడేవాడు. "పెర్ఫొరేటెడ్ తీసుకురండి," అని ఆయన కేకేస్తే పదకొండు మందీ పదకొండు రకాల ఇనుము మోసుకొచ్చారు. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నేనొక సుద్దముక్క తీసుకుని ట్రేలన్నిటికీ తెలుగులో పేర్లు రాయడం మొదలుపెట్టాను.

రెండు పక్కలా పొడుగు పట్టీలు, మధ్యలో జానెడుకొక మెట్టు ఉండేది లాడర్ ట్రే. దాని మీద నిచ్చెన అని రాశాను. ట్రాన్స్‌ఫార్మరు నుంచి పేనెల్ దాకా వచ్చే మణికట్టంత లావు పవరు కేబుళ్ళకి అదే దిక్కు. మెట్ల మధ్య ఖాళీలోంచి గాలి ఆడుతుంది కనుక కేబులు వేడెక్కదు. గోడ వెంట నిలువుగా పైకి పోయేచోట ఆ మెట్లకే కేబుల్ని కట్టేస్తే బరువుకి కిందికి జారదు. ఇంజినీరుగారు పెర్ఫొరేటెడ్ అన్న, రేకు నిండా చిల్లులుండేది జల్లెడ. సన్నపాటి కంట్రోల్ కేబుళ్ళని నిచ్చెన మీద వేస్తే మెట్ల మధ్య వేలాడిపోతాయి. జల్లెడ మీదైతే బుద్ధిగా పడుకుంటాయి, చిల్లుల్లోంచి టై వేసి కట్టుకోవచ్చు. అసలు చిల్లే లేకుండా పైన మూత కూడా ఉండే ట్రేకి భోషాణం అని పెట్టాను. వేడి, ఒత్తిడి కొలిచే మీటర్ల వైర్లు అందులో పోతాయి. పైనుంచి నూనె కారినా, ఎలకలు తిరిగినా వాటికి తగలకూడదు. కంప్యూటరు పెట్టే గదికి తీగలతో అల్లిన తేలికపాటి ట్రే వచ్చింది. అది వల. కావలసినచోట కత్తిరించుకోవచ్చు, ఏ కంతలోంచి కావాలంటే ఆ కంతలోంచి వైరు కిందికి దింపుకోవచ్చు. గెలలు ఉడకబెట్టే చోట ఎప్పుడూ ఆవిరే కనుక, ఇనుము తుప్పు పట్టిపోతుందని ఫైబరు ట్రే ఇచ్చారు. దానికి పేరు పెట్టలేదు. ప్లాస్టిక్‌ది అంటే అందరికీ తెలిసిపోయేది.

చివరికి ఒక సన్న ఛానల్ మిగిలింది. పెద్ద ట్రే నుంచి విడిపోయి ఒక్క మోటారుకి ఒక్క కేబుల్ని తీసుకెళ్ళేది. దానికేం పేరు పెట్టాలా అని సుద్దముక్క పట్టుకుని నిలబడితే మావయ్య అందుకున్నాడు.

"ఇందులో ఆలోచించడానికేముందిరా? పెద్ద కాలవలోంచి మన చేలోకి నీళ్ళు దేంట్లో వత్తాయి?"

"బోదెలో."

"మరి అదే రాసెయ్."

బోదె అని రాశాను. అందరూ ఫక్కున నవ్వారు. పవరు కేబుళ్ళని, మీటరు వైర్లని ఒకే ట్రేలో వెయ్యకూడదు, వీటి అలజడి వాటికి తగులుతుంది అని నేను చెబితే, "అంటే ఇక్కడ కూడా పంక్తులు వేరన్నమాట," అన్నాడు మావయ్య. మళ్ళీ నవ్వారు. ఇంజినీర్లు క్యాంటీన్‌లో తినేవారు, మేము సిమెంటు బస్తాల షెడ్డులో తినేవాళ్ళం. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

రెండు రోజుల్లో పని గాడిన పడింది. గడ్డిమోపులు కట్టిన చేతులు కావడంతో మావయ్య కట్టిన కేబుళ్ళు గీత గీసినట్టు ఉండేవి. ఇంజినీరుగారు కూడా, "ఏవండీ, ఆ నిచ్చెన రెండు పీసులు ఇటు పంపండి," అనడం మొదలుపెట్టాడు. నేను పొంగిపోయాను. ఇంత చదువుకున్నవాడి చేత నా మాట పలికిస్తున్నానని రాత్రి పడుకున్నాక కూడా మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ట్రే మీద మనిషి ఎక్కకూడదు, నడవకూడదు, అది కేబులు బరువు కోసం చేసింది తప్ప మనిషి బరువు కోసం కాదు అని నాకు ఐటీఐలోనే చెప్పారు. పేర్లు పెట్టిన ఉత్సాహంలో ఆ ఒక్క ముక్క మా వాళ్ళకి చెప్పలేదు. చెప్పానన్న కాగితం మీద తరవాత సంతకం పెట్టాను.

అసలు సంగతికి వస్తాను. హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్ళు ట్రయల్ చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. రెండే రోజులు గడువు. ఇంజినీరుగారు నా మీద, నేను పనివాళ్ళ మీద అరుపులు. పేనెల్ గది గోడకి ఇరవై అడుగుల ఎత్తున లాడర్ ట్రే నిలువుగా నిలబెట్టాం. రెండు ముక్కలు, నడుమ ఒక అతుకు. అతుకు ప్లేటు బోల్టులు చేతి బిగువు మీదే ఉన్నాయి. నిలువు సరిచూసుకుని తరవాత స్పానరు వేద్దామని వదిలేశాం. పదిగంటల వేళ, గోడ అవతల నుంచి మా వాళ్ళు కేబులు లాగుతుంటే అది పైన చూరు దగ్గర ఎక్కడో తగులుకుపోయింది. గదిలో నేనూ మావయ్యా ఉన్నాం.

"మావయ్యా, నిచ్చెనెక్కి ఆ కేబులు విడిపించు," అన్నాను.

ఒక వెదురు నిచ్చెన ఎప్పుడూ ఆ మూల ఆనించి ఉండేది. నేనన్నది దాన్ని. ఆ పొద్దున పెయింటర్లు దాన్ని పట్టుకుపోయారు. మావయ్య చుట్టూ చూశాడు. నిచ్చెన అని నా చేత్తో, సుద్దతో రాసి ఉన్నది ఆ గదిలో ఒకటే కనిపించింది. దాన్నే ఎక్కాడు. పదమూడు, పద్నాలుగు అడుగులు వెళ్ళాక అతుకు ఊడింది. ట్రే ముక్కతో సహా సిమెంటు గచ్చు మీద పడ్డాడు.

ఇలా చెబితే నేను పేరు పెట్టడంలో మాత్రమే తప్పు చేశాననిపిస్తుంది. చాలాకాలం నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. ఎంత హాయిగా ఉంటుందో ఇలా చెప్పుకుంటే! నిజం ఇంకాస్త ఉంది. పెయింటర్లకి ఆ వెదురు నిచ్చెన ఇచ్చింది నేనే. గదిలో అది లేదని నాకు తెలుసు. మావయ్య తన అలవాటు ప్రకారం ఆ ట్రేని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు కూడా.

"ఒరేయ్, ఇదేనేంట్రా? ఇది కదులుతుంది," అన్నాడు.

నేను డ్రాయింగులోంచి తలెత్తలేదు. "ఆఁ, అదే. ఎక్కు మావయ్యా, కొంపలు మునిగిపోతున్నాయిక్కడ. నీకు ప్రతిదీ అనుమానమే," అన్నాను.

ఎక్కాడు. మేనల్లుడు సూపర్‌వైజరు కదా, వాడి మాట పోకూడదని ఎక్కాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఊపి చూసి, కదులుతుందని తెలిసి కూడా ఎక్కింది అదొక్కటే.

కుడి తుంటి విరిగింది. కుడి మడమ నుజ్జయింది. పడ్డాక అరవలేదు. "కేబులు ఊడిందేంట్రా?" అని అడిగాడు, నేను పరిగెత్తుకెళ్ళి తల ఎత్తి పట్టుకుంటే.

కంపెనీ జీపులో రాజమండ్రి తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ అయిన నాలుగో రోజు మా కాంట్రాక్టరు తాలూకు మేనేజరు వచ్చాడు, చేతిలో ఫైలు పట్టుకుని. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. లోపలికి రాబోయే ముందు వరండాలో ఆయన నాకు చెప్పిన మాట ఒకటే: సూపర్‌వైజరు ఎక్కమంటే ఎక్కాడని తేలితే నా ఉద్యోగం ఆ రోజుతో సరి, ఇక ఏ కాంట్రాక్టరూ గేటు లోపలికి రానివ్వడు. ఆ మాట మావయ్యకి నేను చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. నా మొహం చూస్తే పసివాడిక్కూడా తెలిసిపోయేది.

"మిమ్మల్ని ట్రే ఎక్కమని ఎవరు చెప్పారండీ?" అని అడిగాడు మేనేజరు.

మావయ్య నా వంక చూశాడు. చాలాసేపు చూడలేదు. ఒక్కసారి చూసి కళ్ళు తిప్పేసుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదండి. నేనే ఎక్కానండి."

"మీ సూపర్‌వైజరు గారు అక్కడ లేరా?"

"ఆయ్, ఉన్నాడండి. అబ్బాయి వద్దన్నాడు కూడానండి. నేనే ఇనలేదు."

వద్దన్నాడు కూడా! ఆ మాట ఎవరడిగారు ఆయన్ని? నేనే ఎక్కాను అనేదాకా చాలు. నా మీద ఇంకో పొర కప్పుదామని ఆయన అడక్కుండా వేసిన ముక్క అది. నేనప్పుడు ఒక్క మాట అనాలి. "లేదండి, నేనే ఎక్కమన్నాను." అంతే. గొంతు దాకా వచ్చిందని అబద్ధం చెప్పను. గొంతు దాకా కూడా రాలేదు. నాకు ముందు కలిగింది ఊరట. హమ్మయ్య అనుకున్నాను. మంచం మీద మనిషి కాలికి ఇసక సంచి కట్టి వేలాడదీసి ఉంటే, నేను హమ్మయ్య అనుకున్నాను. మేనేజరు చెప్పినదంతా రాసుకుని మావయ్య చేత సంతకం పెట్టించాడు. కింద సాక్షి అని రాసి కలం నాకిచ్చాడు. పెట్టాను.

సైటుకి తిరిగి వెళ్ళేసరికి ఇంజినీరుగారు సుద్ద రాతలన్నీ చెరిపెయ్యమని ఆర్డరు వేశాడు. ఇకమీదట లాడర్ ట్రే అనే అనాలట. తడిగుడ్డ పట్టుకుని అన్నిటినీ చెరిపింది కూడా నేనే. నిలువు ట్రేలకి ఎక్కరాదు అని ఎర్రబోర్డులు కట్టారు. "మీరు వద్దని హెచ్చరించారట కదా, బాధ్యత తెలిసిన మనిషి," అని పెద్దవాళ్ళలో ఒకాయన నా భుజం తట్టాడు. తరవాతి సైటు కూడా నాకే ఇచ్చారు.

మావయ్యని ఇంటికి తీసుకొచ్చిన రోజు మా అమ్మ ఆయన మంచం పక్కన కూర్చుని ఏడుస్తూనే ఎడాపెడా తిట్టింది. "వాడు వద్దంటున్నా ఎక్కావంట. నీకేవన్నా బుద్ధుందా? కోతిలాగా ఎక్కడవేంటి, ఈ వయసులో? నీ మూలంగా వాడి ఉద్యోగం కూడా పోయేది కాదూ!" మావయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. అప్పుడైనా నోరు పెగలాలి కదా? పెగల్లేదు. మా అత్త మాత్రం మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "పాకెక్కాలన్నా పదిసార్లు గుంజ ఊపే మనిషి, ఒకళ్ళు వద్దంటే ఎందుకెక్కుతాడొదినా?" అంది. అని నా వంక చూసింది. నేను బస్సు టైమైందని బయటికొచ్చేశాను.

కాలవలకి నీళ్ళు వదిలారు. ఊరంతా నారుమళ్ళు పోశారు. మావయ్య కర్ర సాయంతో గట్టు దాకా వెళ్ళగలిగాడు గానీ చేలో దిగలేకపోయాడు. ఆ మడమ బురదలో నిలవదు. రెండు పంటలు మనుషుల్ని పెట్టి చేయించాడు, మూడో పంటకి పొలం గలాయన కౌలు వేరేవాళ్ళకిచ్చేశాడు. ఆయన్ననడానికి లేదు, పొలం చూసుకోవాలి కదా. తరవాత మావయ్య ఒక రైసుమిల్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని లారీల నంబర్లు రాసుకునే పనిలో కుదిరాడు. అవతల రోడ్డు పక్కనే చేలు. రోజంతా ఎవరెవరో నాట్లకి దమ్ము చేసుకోవడం చూస్తూ కూర్చునేవాడు. నేను అటు బస్సులో పోతూ చాలాసార్లు చూశాను. రెండుసార్లే దిగాను.

నా పని మాత్రం దివ్యంగా సాగింది. సముద్రం ఒడ్డున రొయ్యల ప్లాంటులో, ఉప్పుగాలికి ఆగుతాయని ఫైబరు ట్రేలు వేశాను. రాజమండ్రిలో కంప్యూటర్ సెంటర్లు వచ్చినప్పుడు తీగల ట్రేలు వేశాను. ప్రతి సైటులోనూ మొదటి రోజు కొత్తవాళ్ళని నిలబెట్టి, ట్రే ఎక్కితే తన్ని తగలేస్తానని గంటసేపు చెప్తాను. ఈయనకి చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

ఆరేడేళ్ళ తరవాత ద్రాక్షారామంలో మా బంధువులింట్లో పెళ్ళి జరిగింది. మావయ్య కూడా వచ్చాడు. కర్ర పక్కన ఆనించి, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నలుగురైదుగురు పిల్లలు షామియానా గుంజలు పట్టుకుని పైకి పాకుతున్నారు. మా పెదనాన్న వరస ఆయన ఒకడు వాళ్ళని కేకలేసి, "దిగండర్రా! చెప్పిన మాట ఇనకపోతే ఇదిగో, ఈ తాతలాగా కుంటుకుంటూ తిరగాల. మేనల్లుడు నెత్తీ నోరూ కొట్టుకుని వద్దన్నా ఇనలేదు ఈ మహానుభావుడు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. పిల్లలు మావయ్య కాలి వంక చూశారు. మావయ్య కూడా నవ్వాడు.

ఆ నవ్వు చూశాక నాకు పిచ్చెత్తినట్టయింది. ఆయన్ని చెయ్యి పట్టుకుని లేపి, వంటపందిరి వెనక్కి తీసుకెళ్ళాను.

"మావయ్యా, ఇవాళ చెప్పేస్తాను. అందరి ముందూ చెప్పేస్తాను," అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు.

"ఏం చెప్తావు?"

"నేనే ఎక్కమన్నానని. నువ్వు కదులుతుందన్నా ఎక్కమన్నానని."

మావయ్య కర్ర మీద బరువు సర్దుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు, అలిసిపోయినట్టు చూశాడు.

"అప్పుడు నిజం చెప్పుంటే నీ ఉద్యోగం పోయేది, నా పేరు నిలిచేది. అది నేనే వద్దనుకున్నాను, నిన్ననను. ఇప్పుడు నువ్వు చెప్తే ఏవవుద్ది? నీ ఉద్యోగం పోదు. మీ అమ్మ కుమిలిపోద్ది. వీడు కుంటోడే కాదు, అబద్ధానికి సంతకం పెట్టినోడు కూడానా అని నన్నంటారు. నువ్వు మాత్రం ఈ రాత్రికి హాయిగా నిద్దరోతావు." షామియానా వైపు ఒకసారి చూశాడు. "నీ కోసం ఒకసారి ఎక్కాను కదరా. మళ్ళీ ఎక్కమంటావేంటి?"

ఆయన నా భుజం పట్టుకోకుండా, కర్ర ఊతంతో తనంతట తనే నెమ్మదిగా వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. భోజనాలకి లేవండని ఎవరో పిలిచారు. వెళ్ళి కూర్చున్నాను. పక్కనున్నవాళ్ళు పలకరిస్తే పలికాను, వడ్డించినవన్నీ తిన్నాను.